పాచిపని

నా పేరు తవిటమ్మ.
నా ముందు పుట్టినోల్లిద్దరూ పోతే
అమ్మ నన్ను పక్కింటోల్ల సేతిలో పెట్టి
సేటడు తవుడు పోసి మల్లీ కొనుక్కుంది.
అదే నా ధర. ఇప్పటికీ ఎవులూ పెంచలేదు.

గుణుపురం సివర ఉప్పుడు బియ్యం మిల్లు.
వడ్లు నానేసి వదిలిన నీల్లు
మూడో రోజుకి పులిసిపోయి
వంశధార గట్టుదాకా కంపు.
బోర్డోల్లు నోటీసంటించినారు.
సావుకారు గేటుకి కొత్త రంగేయించినాడు.

అప్పుడొచ్చినాడు కాలేజీ గుంటడు, నిరాకార్ పాణిగ్రాహి.
మురుగు కాలవలో దిగి
జారి కూలబడి
లేసినాక అరిసేతిలో పచ్చ జిగురు సూసుకుని నవ్వినాడు.
'శిఉళి' అన్నాడు, ఆల్ల మాటలో.
'పాచి' అన్నాను, మా మాటలో.
'బయోమాస్' అన్నాడు సావుకారితో.
ఆ మూడో మాటకే డబ్బులు రాలినాయి.

పద్దెనిమిదేల్లు ఇల్లిల్లూ తిరిగి పాచిపని సేసినాను.
పాచి గిన్నెలు, పాచి వాకిల్లు,
పాచి మొకాల్తో తలుపు తీసే అమ్మగోర్లు.
నీల్లకుండీ గోడకి పచ్చగా పట్టినదాన్ని
కొబ్బరిపీసుతో, ఇటికపొడితో
గోకి గోకి సంపినదాన్ని.
ఇప్పుడు దానికే కాపలా.

తొట్టి పొడుగాటి గుడ్డులాగుంటాది,
లోతు మోకాలికి తక్కువ.
ఓ పక్క తెడ్ల సక్రం, ఎద్దు లేని గానుగ,
తిరగతాది, తిరగతానే ఉంటాది.
మొదటి వారం డికాక్షన్ రంగు.
తరవాత లేత అరిటాకు.
ఆ తరవాత, రుబ్బురోట్లో గోరింటాకు.
కంపు ఎప్పుడెల్లిపోయిందో కనిపెట్టలేదు.

ఓ రేతిరి కరెంటు పోయింది.
సక్రం ఆగింది. నీల్లు నిలబడితే అది అడుక్కి దిగిపోతాది,
దిగితే కుల్లిపోతాది అన్నాడా గుంటడు.
వెదురు గెడ పట్టుకుని తొట్టి సుట్టూ తిరిగినాను,
సుక్క పొడిసేదాకా.
సోంబారి గమాంగ్ కొంతసేపు గెడ అందుకుంది,
ఆల్ల సవర పాటేదో గొణిగింది,
పాచికోసమో, నిద్రాపుకోడానికో.

అంత సేసినా నిలవలేదు.
కంటికానని పురుగులు
రెండు రోజుల్లో తొట్టంతా మేసీసినాయి.
మల్లీ డికాక్షన్.
ఆ గుంటడు జొరమొచ్చినోడిలాగ గట్టుమీద కూకున్నాడు.
నానింటికెల్లి
కిటికీలోంచి సీసా తెచ్చినాను, నిండా పచ్చ.
ఎందుకు దాసినావని అడిగినాడు.
పెరుగు ముంత కడిగేముందు
తోడుకి సెంచాడు దాసుకోమా, బాబూ?

ఈసారి గుడ్డలో వడగట్టినాం.
నూరు బిందెల నీల్లకి
సేట అడుక్కొచ్చేంత.
టార్పాలిన్ మీద ఎండి పెచ్చులు లేసింది.
సెరిగి సూసినాను, వొట్టి తవుడే.
పచ్చ తవుడు.
దీన్ని పోసి ఎవులి పిల్లని కొనుక్కోవాలో.

సేపల సెరువోడు ధరడిగి మల్లీ రాలేదు.
సోంబారి రెండు దోసిల్లు మూటకట్టి
కొండమీద కందిసేనుకి పట్టుకెల్లింది.
సావుకారు లెక్కేసి మొకం ముడిసినాడు,
కరెంటు కర్సే రాలేదంట.
బోర్డోల్లు మాత్రం కాలవ నీల్లు సీసాకి పట్టుకుని
వాసన సూసి
మాటాడకుండా సంతకం పెట్టినారు.

మొన్న సంతలో కామాక్షమ్మగారు కనపడి
'ఏం చేస్తున్నావే ఇప్పుడు?' అని అడిగింది.
'పాచిపనేనమ్మా.'
'అదేదో మా ఇంట్లోనే చెయ్యొచ్చుగా!'
నవ్వాగలేదు నాకు,
వంకాయల గంప పట్టుకుని నిలబడిపోయినాను.

రెండో తొట్టి కడతారో,
ఉన్న తొట్టిని మట్టేసి కప్పెడతారో
సావుకారికే తెలీదు.
నౌపడ బండి కూతేసి ఎల్లిపోయింది.
పడుకునేముందు కిటికీలో సీసా మూత
ఓ సుట్టు వదులు సేసినాను.
రేపు దాన్ని ఎండ పక్కకి తిప్పాలి.